ఇంజన్ కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మీటర్ల మధ్య ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం ఒకటి వెలుగుతుంది. కారు మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది, దీపం మాత్రం ఆరదు. స్కానర్ తగిలించి చూస్తే పి0171 అనో పి0420 అనో ఒక కోడ్, దాని పక్కన ఒక చిన్న వివరణ కనిపిస్తాయి. ఆ వివరణలో ఆక్సిజన్ సెన్సర్ పేరుంటే ఆక్సిజన్ సెన్సర్‌ను, పొగలోని హానికర వాయువులను తగ్గించే కన్వర్టర్ పేరుంటే కన్వర్టర్‌ను మార్చేయడం చాలామంది చేసే పని. కొత్త భాగం వేసిన వారం పది రోజులకు అదే దీపం మళ్ళీ వెలగడం కూడా చాలామందికి అనుభవమే. ఈ పొరపాటుకు మూలం కోడ్‌ను పాడైన భాగం పేరుగా చదవడంలో ఉంది. ఇంజన్ కంప్యూటర్ తన లోపల ఎన్నో పరీక్షలు నడుపుతూ ఉంటుంది. వాటిలో ఫలానా పరీక్షకు తాను ఆశించిన ఫలితం రాలేదని చెప్పడమే కోడ్ పని. ఎందుకు రాలేదన్నది దానికి తెలియదు. ఆ కారణాన్ని వెతకాల్సింది మనిషే. ఆ పరీక్షను కంప్యూటర్ ఎలా చేస్తుందో తెలిస్తే ఆ వెతుకులాట సగానికి సగం తగ్గిపోతుంది.

ఈ దీపం మెకానిక్ సౌకర్యం కోసం పుట్టింది కాదు. కొత్తగా ఉన్నప్పుడు కాలుష్య ప్రమాణాలకు లోబడిన కారు, పాతబడే కొద్దీ ఎవరికీ తెలియకుండా హద్దు దాటిపోకూడదన్న ఉద్దేశంతో కాలిఫోర్నియాలోని ఎయిర్ రిసోర్సెస్ బోర్డు 1988 మోడల్ కార్ల నుంచి ఇలాంటి స్వయం పరీక్షలను అడగడం మొదలుపెట్టింది. ఆ తొలి తరంలో ఒక్కో కంపెనీ కోడ్‌లు ఒక్కో తీరుగా, స్కానర్ తగిలించే సాకెట్టు ఒక్కో ఆకారంలో ఉండేవి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఓబీడీ-2 అనే ఉమ్మడి పద్ధతి తప్పనిసరైంది. యూరప్ 2001 నుంచి పెట్రోల్ కార్లకు దాదాపు ఇదే పద్ధతిని తెచ్చింది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్టు అలా వచ్చిందే. ఇందులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ వస్తాయి. ఇప్పటి కార్లలో 6, 14 పిన్నుల మీదుగా కంప్యూటర్ల మధ్య సంభాషణ నడుస్తుంది. స్కానర్ అసలు వెలగకపోతే తప్పు స్కానర్‌ది అనుకునే ముందు ఆ 16వ పిన్నుకు కరెంటు ఇచ్చే ఫ్యూజును చూడాలి.

పుట్టుక గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అనేక పరీక్షలకు హద్దును కారు నడిచే తీరును బట్టి కాకుండా కాలుష్యాన్ని బట్టి నిర్ణయించారు. పొగలోని హానికర వాయువులు అనుమతించిన ప్రమాణానికి సుమారు ఒకటిన్నర రెట్లు దాటే పరిస్థితి వస్తే దీపం వెలగాలన్నది మూల సూత్రం. అందుకే నడిపేవారికి ఏ తేడా తెలియకపోయినా దీపం నిజమే చెబుతూ ఉండవచ్చు. మరోవైపు, ఇంజన్ మౌంటింగ్ అరిగిపోయినా, ఆయిల్ కారుతున్నా, ట్యాపెట్లు చప్పుడు చేస్తున్నా కోడ్ రాకపోవచ్చు. కోడ్ లేదు కాబట్టి ఇంజన్ ఆరోగ్యంగా ఉందనుకోవడం, కోడ్ వచ్చింది కాబట్టి అందులో పేరున్న భాగం పోయిందనుకోవడం, రెండూ ఒకే అపోహకు రెండు ముఖాలు.

కోడ్‌లోని అక్షరాలను విడదీసి చదవడం తేలిక. మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేర్‌బాక్స్‌లకు, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటి ఛాసిస్ భాగాలకు, బి అయితే బాడీకి, యు అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణకు చెందినది. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఉన్న కోడ్. 1 అయితే సాధారణంగా ఆ కంపెనీ సొంతం, కాబట్టి దాని అర్థాన్ని ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి. మూడో స్థానం ఏ విభాగమో చెబుతుంది: 1, 2 గాలి, ఇంధనాల కొలతకు, 3 స్పార్కుకు, 4 కాలుష్య నియంత్రణ భాగాలకు, 5 వేగం, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే స్థితి) నియంత్రణకు, 6 కంప్యూటర్‌కు, 7, 8 గేర్‌బాక్స్‌కు. చివరి రెండు అంకెలు ఖచ్చితమైన పరీక్షను సూచిస్తాయి. ఇంతవరకు ఏ పట్టికలోనైనా దొరుకుతుంది. అసలు పని దీని తర్వాతే మొదలవుతుంది.

కోడ్ రావడానికి కూడా ఒక క్రమం ఉంది. సెన్సర్ వైరు తెగిపోవడం వంటి కరెంటు లోపాలను కంప్యూటర్ ఎప్పటికప్పుడు గమనిస్తూనే ఉంటుంది. కన్వర్టర్ పనితీరు, పెట్రోల్ ఆవిరి లీకు వంటి పరీక్షలను మాత్రం ఇంజన్ వేడి, వేగం, ట్యాంకులో పెట్రోల్ మట్టం లాంటి షరతులన్నీ కుదిరినప్పుడే నడుపుతుంది. చాలా పరీక్షల్లో ఒక్కసారి తప్పినంత మాత్రాన దీపం వెలగదు. ఆ లోపం పెండింగ్ కోడ్‌గా నమోదై, తర్వాతి ప్రయాణంలో అదే పరీక్ష మళ్ళీ తప్పితేనే ఖాయమైన కోడ్‌గా మారి దీపాన్ని వెలిగిస్తుంది. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, దానిమీద ఎంత లోడు ఉంది, కారు ఎంత వేగంలో ఉంది అన్న అంకెలను కూడా కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో దాచి ఉంచుతుంది. నా దృష్టిలో కోడ్ కంటే విలువైన సమాచారం ఇదే. ఐడిల్‌లో నిలబడి ఉండగా వచ్చిన మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) వేరు, హైవే మీద ఎత్తు ఎక్కుతూ ఉండగా వచ్చిన మిస్‌ఫైర్ వేరు. రెండింటికీ కోడ్ ఒకటే అయినా వెతకాల్సిన చోట్లు వేరు. స్కానర్ చేతికి రాగానే కోడ్ చెరిపేసి, మళ్ళీ వస్తుందో లేదో చూద్దామనేవారు ఆ సాక్ష్యాన్ని కూడా కోడ్‌తో పాటే చెరిపేస్తున్నారు. ముందు ఆ అంకెలన్నీ రాసుకోవాలి, లేదా ఫోటో తీసుకోవాలి. చెరపడం చివరి పని.

పి0171: గాలి ఎక్కువా, పెట్రోల్ తక్కువా?

అతి తరచుగా వచ్చే కోడ్‌లలో ఇదొకటి, అతి ఎక్కువగా అపార్థానికి గురయ్యేది కూడా ఇదే, కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఒకటో సిలిండర్ ఉన్న వైపు మిశ్రమం లీన్‌గా ఉంది, అంటే గాలికి తగినంత పెట్రోల్ లేదు అని దీని అర్థం. కంప్యూటర్‌కు ఈ సంగతి ఎలా తెలిసింది? చాలా ఇంజన్లలో ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్, వాడుకలో మాఫ్ సెన్సర్, లోపలికి వెళ్ళే గాలి బరువును కొలుస్తుంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు ఎంతసేపు తెరిచి ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మండిన తర్వాత పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, వేసిన లెక్క సరిపోయిందో లేదో ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. పాత తరహా సెన్సర్‌లో 0.45 వోల్టుల కంటే తక్కువ వస్తే లీన్, ఎక్కువ వస్తే రిచ్, అంటే గాలికి మించిన పెట్రోల్. ఆ జవాబును బట్టి కంప్యూటర్ పెట్రోల్‌ను కొంచెం పెంచడమో తగ్గించడమో చేస్తూ ఉంటుంది. ఈ సవరణ పేరు ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్ ట్రిమ్. చాలాకాలంగా అలవాటైపోయిన సవరణ లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండూ శాతాల్లో కనిపిస్తాయి. రెండూ కలిపి పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే సాధారణంగా ఆందోళన అవసరం లేదు. కూడిక గుర్తుతో పాతిక శాతం చేరువకు వెళ్ళి అక్కడే నిలిచిపోతే చాలా కార్లలో పి0171 వస్తుంది.

అంటే ఈ కోడ్ వచ్చేనాటికి ఆక్సిజన్ సెన్సర్ తన పని తాను చేసినట్టే లెక్క: లోపాన్ని పట్టి చూపింది అదే. అయినా దాన్నే మార్చేస్తుంటారు. సెన్సర్ కూడా తప్పు చెప్పవచ్చు, కాదనలేం. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: కంప్యూటర్ లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచైనా లోపలికి వస్తోందా, లేక లెక్క ప్రకారం రావాల్సిన పెట్రోల్ రావడం లేదా?

ఈ రెండింటినీ విడదీయడానికి ఏ భాగాన్నీ విప్పనక్కర్లేదు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ట్రిమ్ అంకెలు రాసుకుని, తర్వాత యాక్సిలరేటర్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి మళ్ళీ రాసుకోవాలి. ఒక రబ్బరు గొట్టం చీలి, సెకనుకు ఒక గ్రాము గాలి మాఫ్ సెన్సర్‌కు తెలియకుండా లోపలికి దూరుతోందనుకుందాం. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలి సెకనుకు మూడు గ్రాములే అయితే, ఈ ఒక గ్రాము అందులో మూడో వంతు అవుతుంది, ట్రిమ్ ఆకాశానికి ఎక్కుతుంది. 2500 దగ్గర ఇంజన్ పదిహేను గ్రాములు పీలుస్తుంటే అదే గ్రాము ఏడు శాతం కూడా కాదు. పైగా కారు లోడుతో నడుస్తున్నప్పుడు సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డ్‌లో శూన్యత తగ్గుతుంది కాబట్టి చీలిక గుండా దూరే గాలి ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఐడిల్‌లో 28 శాతం, వేగం పెంచితే 6 శాతం కనిపిస్తే గాలి లీకు కోసం వెతకాలి. ఐడిల్‌లో 4 శాతంతో ప్రశాంతంగా ఉండి, రోడ్డు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు 20 దాటుతుంటే గాలి లీకు గురించి మరచిపోవచ్చు: ట్యాంకు నుంచి పెట్రోల్ పంపే పంపు బలహీనపడటం, పెట్రోల్ ఫిల్టర్ పూడుకుపోవడం, మాఫ్ సెన్సర్ మీద దుమ్ము పేరుకుని వచ్చిన గాలి కంటే తక్కువ చూపించడం అనుమానించాలి. పంపు సంగతి ప్రెషర్ గేజ్ తేలుస్తుంది. మాఫ్ సెన్సర్‌కు మెకానిక్‌లు వాడే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో, ఇంజన్ పరిమాణం ఎన్ని లీటర్లో సెకనుకు సుమారు అన్ని గ్రాముల గాలి కనిపించాలి. రెండు లీటర్ల ఇంజన్ ఒక గ్రామే చూపుతుంటే అనుమానానికి తావుంది. మాఫ్ సెన్సర్‌ను దానికోసమే చేసిన క్లీనర్‌తో మాత్రమే శుభ్రం చేయాలి. లోపలి సన్నని తీగను తాకకూడదు.

ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని ఇంజన్లలో మాఫ్ సెన్సర్ ఉండదు; మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచి గాలి ఎంతో లెక్కగట్టే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి ఇంజన్‌లో గొట్టం చీలితే లోపలి పీడనం పెరుగుతుంది, కంప్యూటర్ దాన్ని గాలిగానే లెక్కగట్టి పెట్రోల్ కూడా పెంచుతుంది. ఫలితంగా లీన్ కోడ్ రాకుండా ఐడిల్ వేగం పెరిగిపోవచ్చు. ఏ సెన్సర్ ఉన్న ఇంజనో తెలుసుకోకుండా పై సూత్రాన్ని గుడ్డిగా వాడితే రోజంతా లేని లీకు కోసం వెతకాల్సి వస్తుంది.

వి ఆకారపు ఇంజన్లలో రెండో వైపుకు పి0174 అనే జంట కోడ్ ఉంటుంది. రెండూ కలిసి వస్తే కారణం రెండు వైపులకూ ఉమ్మడిగా ఉన్నచోట, అంటే మాఫ్ సెన్సర్, దాని తర్వాతి గాలి గొట్టం, పంపుల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. ఒకవైపే వస్తే ఆ వైపు గ్యాస్కెట్, ఇంజెక్టర్లు, పొగ గొట్టం చూడాలి. పొగ గొట్టం అనడానికి కారణం ఉంది: ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు చిన్న పగులున్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌ను మోసం చేస్తుంది. గాలి లీకును పట్టుకోవడానికి అన్నింటికంటే నమ్మదగిన సాధనం స్మోక్ మెషీన్. ఇంజన్ ఆపి, గాలి మార్గంలోకి పొగ పంపితే చీలిక ఎక్కడుందో అక్కడి నుంచి పొగ బయటికి వస్తుంది. వేడి ఇంజన్ మీద మండే స్ప్రే కొట్టి ఐడిల్ మారుతుందేమో చూసే పాత అలవాటు ప్రమాదకరం, దాన్ని మానుకోవాలి. మాఫ్ సెన్సర్ నుంచి థ్రాటిల్ దాకా ఉండే మడతల రబ్బరు గొట్టం, క్రాంక్‌కేస్ ఆవిరిని తెచ్చే పీసీవీ గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం ముందుగా చూడవలసినవి. మడతల గొట్టం చీలిక పైకి కనిపించదు, చేత్తో సాగదీసి చూడాలి.

మిస్‌ఫైర్

పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా చివరి అంకె సిలిండర్‌ను చెబుతుంది. పి0300 అయితే ఒక్క సిలిండర్ అని తేలలేదు. ఇక్కడ కంప్యూటర్ స్పార్కును చూడదు, చప్పుడు వినదు. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ ఒక్క క్షణం వేగం పుంజుకుంటుంది. ఏ సిలిండర్ వంతులో ఆ ఊపు రాలేదో క్రాంక్ సెన్సర్ ద్వారా గమనిస్తుంది. అందువల్ల స్పార్కు పోయినా, పెట్రోల్ రాకపోయినా, వాల్వ్ కాలిపోయి కంప్రెషన్ లేకపోయినా కోడ్ ఒకటే. ప్లగ్గులు మార్చి సరిపెట్టడం కొన్నిసార్లు ఫలిస్తుంది, ఎందుకంటే ప్లగ్గులు అరిగేవే. ఫలించనప్పుడు ఒక చిన్న పరీక్ష మేలు చేస్తుంది. ఒక్కో సిలిండర్‌కు విడి కాయిల్ ఉన్న ఇంజన్‌లో, మూడో సిలిండర్ కాయిల్‌ను ఒకటో సిలిండర్‌లో, అక్కడిది ఇక్కడ పెట్టి నడపాలి. కోడ్ పి0303 నుంచి పి0301కు మారితే దోషం కాయిల్‌తో పాటు కదిలింది, కాయిలే కారణం. కోడ్ కదలకపోతే కాయిల్‌ను వదిలేసి, తర్వాత ప్లగ్గును, ఆ తర్వాత వీలైతే ఇంజెక్టర్‌ను ఇలాగే మార్చి చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే కోడ్ కదిలినా దేనివల్లో తేలదు. ఇవేవీ కదల్చకపోతే కంప్రెషన్ కొలవడం తప్పదు. మిగతా సిలిండర్ల కంటే ఒకటి బాగా తగ్గి ఉంటే ఇక సెన్సర్ల జోలికి పోనక్కర్లేదు. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కొద్దిసేపు మిస్ అవుతూ, కూలెంట్ కూడా కారణం తెలియకుండా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

మిస్‌ఫైర్ విషయంలో దీపం మిణుకుమిణుకుమంటే దాన్ని మామూలుగా వెలిగే దీపంతో సమానంగా చూడకూడదు. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతోంది, ఆ వేడికి కన్వర్టర్ లోపలి గూడు కరిగిపోయే ప్రమాదం ఉంది అని దాని అర్థం. యాక్సిలరేటర్ వెంటనే తగ్గించి, భద్రమైన చోట కారు ఆపాలి. ఇంటిదాకా ఎలాగోలా వెళ్దామనుకుంటే, కాయిల్‌తో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా వస్తుంది.

పి0420, ఖరీదైన తొందరపాటు

కన్వర్టర్ సామర్థ్యం హద్దు కంటే తగ్గిందని ఈ కోడ్ వివరణ. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు ఉంటాయి, అందుకే దాని ధర అంత. కానీ పొగలో కాలుష్యం ఎంతుందో కొలిచే సాధనం కారులో లేదు. కంప్యూటర్ కొలిచేది కన్వర్టర్‌కు ఉన్న మరో గుణాన్ని: లోపలి సీరియం ఆక్సైడ్ పూత ఆక్సిజన్‌ను దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది. ముందున్న సెన్సర్ లీన్, రిచ్ మధ్య ఊగిసలాడుతున్నా, ఆరోగ్యంగా ఉన్న కన్వర్టర్ ఆ ఊపును మింగేస్తుంది కాబట్టి వెనక సెన్సర్ 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. దాచుకునే శక్తి పోయినప్పుడు వెనక సెన్సర్ కూడా ముందుదాని లాగే ఊగడం మొదలుపెడుతుంది. ఈ పోలికే పరీక్ష.

పరీక్ష ఇలాంటిదని తెలిస్తే దాన్ని ఏవేవి తప్పుదారి పట్టించగలవో ఊహించవచ్చు. వెనక సెన్సర్ దగ్గర పొగ గొట్టానికి కన్నం ఉంటే బయటి ఆక్సిజన్ దానికి తగులుతుంది. మిశ్రమం చాలాకాలంగా రిచ్‌గా ఉన్నా, మిస్‌ఫైర్ ఉన్నా ఫలితం చెడుతుంది. కొన్ని మోడల్‌లలో కంప్యూటర్‌లోని హద్దు మరీ బిగుతుగా పెట్టి, తర్వాత తయారీదారే సాఫ్ట్‌వేర్ సవరణ ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆ మోడల్‌కు సర్వీస్ బులెటిన్ ఏదైనా ఉందేమో చూడటం దండగ కాదు. ఇంజన్‌ను బాగా వేడెక్కించి, 2500 దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టి, వెనక సెన్సర్ గీతను స్కానర్‌లో చూడాలి. అది నిలకడగా ఉంటే కన్వర్టర్‌ను మార్చడానికి తొందరపడకూడదు. ఊగుతుంటే ముందు లీకులు లేవని నిర్ధారించుకోవాలి. ఆ సెన్సర్ బతికే ఉందా అన్న అనుమానం వస్తే, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తొక్కినప్పుడు అది 0.8 వోల్టుల పైకి, నడుస్తున్న కారులో కాలు పూర్తిగా తీసేసి ఇంజెక్టర్లు ఆగినప్పుడు సున్నా దరికి వస్తుందో లేదో చూస్తే చాలు.

కన్వర్టర్ నిజంగానే పోయిందని తేలినా పని పూర్తయినట్టు కాదు. కన్వర్టర్ తనంతట తాను పాడవడం కంటే దాన్ని ఏదో ఒకటి పాడుచేయడమే ఎక్కువ. ఇంజన్ ఆయిల్ తాగుతుంటే అందులోని ఫాస్ఫరస్, కూలెంట్ సిలిండర్‌లోకి కారుతుంటే అందులోని రసాయనాలు లోపలి పూతను కప్పేస్తాయి. మిస్‌ఫైర్ దాన్ని కరిగిస్తుంది. ఆ కారణాన్ని వదిలేసి కొత్త కన్వర్టర్ వేస్తే అది కూడా పాతదాని దారినే పోతుంది.

కరెంటు కోడ్‌లు

సెన్సర్ సర్క్యూట్ హై, సర్క్యూట్ లో అనే మాటలు వివరణలో ఉంటే అది వేరే కుటుంబం. ఇక్కడ అందరూ సెన్సర్‌ను కొంటారు, చాలాసార్లు తప్పు వైరులోనో కనెక్టర్‌లోనో ఉంటుంది. ఉదాహరణకు కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్‌ను తీసుకుందాం. కంప్యూటర్ ఒక వైరు మీద 5 వోల్టులు పంపుతుంది. వేడెక్కే కొద్దీ సెన్సర్ నిరోధం తగ్గి ఆ వోల్టేజి పడిపోతుంది. వైరు తెగితే 5 వోల్టులు అలాగే నిలిచి, ఎండాకాలం మధ్యాహ్నం కూడా స్కానర్ మీద మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. ఇది పి0118. వైరు ఎర్త్‌కు తగిలితే వోల్టేజి సున్నాకు పడి, చల్లని ఇంజన్‌లో కూడా విపరీతమైన వేడి చూపిస్తుంది. ఇది పి0117.

ఈ సంగతే పరీక్షగా మారుతుంది. పి0118 వచ్చిందనుకుందాం. సెన్సర్ ప్లగ్గు పీకి, ప్లగ్గులోని రెండు వైర్లను చిన్న వైరుతో కలిపి స్కానర్ చూడాలి. మైనస్ 40 నుంచి ఒక్కసారిగా అత్యధిక వేడికి దూకితే వైరింగ్, కంప్యూటర్ రెండూ బాగున్నాయి, సెన్సర్ లేదా దాని పిన్నులే తప్పు. అంకె కదలకపోతే కొత్త సెన్సర్ కొన్నా ఏమీ మారదు. వైరు ఎక్కడో తెగింది. రెండు నిమిషాలు పట్టని ఈ పరీక్ష అనవసరమైన కొనుగోళ్ళను ఎన్నింటిని ఆపగలదో చెప్పలేను. అయితే ఇది ఇలాంటి రెండు వైర్ల వేడి సెన్సర్లకే వర్తిస్తుంది. మూడు వైర్ల సెన్సర్‌లో 5 వోల్టుల వైరును ఎర్త్‌తో కలిపితే అదే సరఫరా మీద ఆధారపడిన మిగతా సెన్సర్లన్నీ పనిచేయకుండా పోతాయి, కాబట్టి వైరింగ్ పటం చూడకుండా ఏ రెండు వైర్లనూ కలపకూడదు.

ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వచ్చి పడితే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ చూడాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ లోహానికీ మధ్య, లైట్లు, ఫ్యాను వేసి ఉంచి మల్టీమీటర్‌తో కొలిస్తే 0.1 వోల్టు కంటే పెద్దగా ఎక్కువ రాకూడదు. తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ బోల్టు పది కోడ్‌లు పుట్టించగలదు.

కోడ్‌లు ఒకటికి మించి ఉన్నప్పుడు వరుస ముఖ్యం. కరెంటు, సంభాషణ లోపాలు ముందు; తర్వాత సెన్సర్ సర్క్యూట్లు; ఆ పైన మిస్‌ఫైర్; అటుపైన మిశ్రమం; కన్వర్టర్ అన్నింటికంటే చివర. పై వాటిలో ఏది తప్పినా దాని ప్రభావం కింది వాటి మీద పడుతుంది కాబట్టి ఈ వరుస. మిస్‌ఫైర్, మిశ్రమాల మధ్య మాత్రం ఈ వరుస తలకిందులు కావచ్చు: లీన్ మిశ్రమమే మిస్‌ఫైర్‌కు కారణమై ఉండవచ్చు. పి0300, పి0171 కలిసి వచ్చినప్పుడు ట్రిమ్ చూడకుండా కాయిల్స్ మార్చడం అందుకే తగదు.

పెట్రోల్ ఆవిరి లీకు కోడ్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పి0455 పెద్ద లీకు, పి0442 సుమారు ఒక మిల్లీమీటరు కన్నమంత చిన్న లీకు. మొదట ట్యాంకు మూత రబ్బరు రింగు చూడాలి, తర్వాత ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్, ఆ తర్వాత స్మోక్ మెషీన్. పి0128 వస్తే ఇంజన్ అనుకున్న సమయంలో వేడెక్కలేదని అర్థం. కూలెంట్ మట్టం సరిగ్గా ఉంటే కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందనే చాలాసార్లు తేలుతుంది. ఇది తక్కువ ఖర్చుతో పోయే లోపమే గానీ, వదిలేస్తే ఇంజన్ ఎప్పుడూ చల్లగా ఉన్నట్టే కంప్యూటర్ భావించి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది.

బాగైందని ఎలా తెలుస్తుంది?

దీపం ఆరడం దీనికి రుజువు కాదు. స్కానర్‌తో చెరిపితే ఏ దీపమైనా ఆరుతుంది. చెరిపినప్పుడు కోడ్‌లతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్, చాలా కార్లలో నేర్చుకున్న ట్రిమ్ విలువలు కూడా పోతాయి. ఏ పరీక్ష పూర్తయింది, ఏది కాలేదు అని చెప్పే రెడీనెస్ జాబితా కూడా మొదటికి వస్తుంది. ఆ జాబితాలో సంబంధిత పరీక్ష పూర్తయినట్టు కనిపించి, పెండింగ్ కోడ్ కూడా లేనప్పుడే మరమ్మతు నిలిచిందనవచ్చు. కన్వర్టర్ పరీక్షకు కొంతసేపు నిలకడైన వేగంతో ప్రయాణం కావాలి. ఆవిరి పరీక్షకు రాత్రంతా చల్లబడిన ఇంజన్, ట్యాంకులో సుమారు 15 నుంచి 85 శాతం మధ్య పెట్రోల్ ఉండాలి. ట్యాంకు నిండా కొట్టించి వారం తిరిగినా ఆ పరీక్ష మొదలే కాకపోవచ్చు. అసలు చెరపకుండా వదిలేసినా, లోపం నిజంగా పోయి ఉంటే వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష నెగ్గాక దీపం దానంతట అదే ఆరుతుంది, తర్వాత సుమారు 40 సార్లు ఇంజన్ వేడెక్కి చల్లబడ్డాక కోడ్ కూడా జ్ఞాపకం నుంచి తొలగుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం 2010 ప్రాంతం నుంచి వచ్చిన కార్లలో పర్మనెంట్ కోడ్ అనేది కూడా ఉంటుంది. స్కానర్ దాన్ని చెరపలేదు, కంప్యూటర్ తన పరీక్షను తానే మళ్ళీ నడిపి నెగ్గితేనే అది పోతుంది. తనిఖీకి ముందు కోడ్‌లు చెరిపి గట్టెక్కే ఎత్తుగడను ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఇది.

మంచి స్కానర్లలో మోడ్ 6 అనే పేజీ ఉంటుంది. ప్రతి పరీక్షలో వచ్చిన అంకె, దానికి ఉన్న హద్దు రెండూ అందులో పక్కపక్కన కనిపిస్తాయి. నెగ్గిన పరీక్ష హద్దుకు ఎంత దూరంలో నెగ్గిందో అక్కడ చూడవచ్చు. లీన్ కోడ్‌కు మరమ్మతు చేసినప్పుడైతే మోడ్ 6 కూడా అవసరం లేదు. రెండు మూడు రోజులు కారు నడిపాక, ఐడిల్‌లోనూ 2500 దగ్గరా లాంగ్ టర్మ్ ట్రిమ్ చూడాలి. 28 ఉన్నచోట 3 కనిపిస్తే పని అయిపోయింది. 17 కనిపిస్తే, దీపం ఆరి ఉన్నా సరే, దొరికిన చీలిక ఒకటి, దొరకనిది ఇంకొకటి ఉంది.